గేమ్ ఇంజిన్ మార్చేటప్పుడు లైసెన్సు తగాదా రాకుండా చూసుకోవడం ఎలా?

“మా ఆట సగం యూనిటీలో తయారైంది. ఇప్పుడు గోడోకు మారితే పాత కంపెనీ మా మీద కేసు వేస్తుందా?”

యూనిటీ, గోడో రెండూ గేమ్ ఇంజిన్లు, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు. మాటలు మారుతున్నాయి కానీ 2023 సెప్టెంబరు నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే. ఆదాయంలోనూ ఇన్‌స్టాళ్లలోనూ ఒక హద్దు దాటిన ఆటలకు ఇకపై ప్రతి ఇన్‌స్టాలుకూ రుసుము ఉంటుందని ఆ నెల 12న యూనిటీ ప్రకటించింది. గగ్గోలు పుట్టాక పది రోజుల్లో షరతులు సడలించింది. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబరు 12న, ఆ రుసుమునే ఎత్తేసింది. రుసుము పోయినా జనంలో బెదురు పోలేదు. మారేవాళ్ళు మారుతూనే ఉన్నారు.

పొట్టి జవాబు ఇది: ఇంజిన్ మార్చడం తప్పు కాదు. తగాదా వచ్చేది వెంట తీసుకెళ్ళిన సామాను మీద, వెనక వదిలేసిన బాకీల మీద. అద్దె ఇల్లు ఖాళీ చేయడం లాంటిదే అనుకోండి. మంచాలూ గిన్నెలూ మీవి, సీలింగు ఫ్యాను ఇంటివారిది. వంటగదిలో ట్యూబులైటు ఎవరు కొన్నారన్న దగ్గర గొడవ మొదలవుతుంది.

నేను ప్రోగ్రామర్ని, న్యాయవాదిని కాను. ఇందులో చెప్పేది ఒకరిద్దరి నుంచి పదిమంది వరకు ఉండే చిన్న బృందాలకు. ప్రచురణకర్తతో ఒప్పందం ఉన్నా, పెట్టుబడిదారు ఉన్నా మూడో మెట్టు దాటకముందే న్యాయవాదిని కలవండి.

ముందుగా రెండు కేసులు

కెనడాకు చెందిన ఆటల కంపెనీ సిలికాన్ నైట్స్ ‘టూ హ్యూమన్’ అనే ఆట కోసం ఎపిక్ గేమ్స్ నుంచి అన్‌రియల్ ఇంజిన్ 3 లైసెన్సు తీసుకుంది. ఇంజిన్ సకాలంలో అందలేదని, చెప్పినట్టు పనిచేయలేదని ఆరోపిస్తూ 2007లో అమెరికాలోని నార్త్ కరోలినాలో దావా వేసింది. తాను సొంత ఇంజిన్‌కు మారిపోయానని చెప్పుకుంది. ఎపిక్ ఎదురు దావా వేసింది: ఆ సొంత ఇంజిన్ నిండా ఉన్నది మా కోడే అని. 2012 మే నెలలో జ్యూరీ ఎపిక్ పక్షాన నిలిచి 44.5 లక్షల డాలర్లు ఇప్పించింది. అదే ఏడాది నవంబరులో జడ్జి, ఆ కోడుతో తయారైన ఆటల అమ్ముడుపోని కాపీలను ధ్వంసం చేయమన్నారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. వారిని పట్టించినది ఏమిటో తెలుసా? ఎపిక్ ప్రోగ్రామర్లు కోడు మధ్యలో తమ కోసం తాము రాసుకున్న వ్యాఖ్యలు. ఇంజిన్ నడవడానికి అవి ఎందుకూ పనికిరావు. అవి కూడా ‘సొంత’ కోడులో ఉన్నాయి.

రెండోది క్రైఇంజిన్ తయారుచేసే క్రైటెక్‌కూ, క్లౌడ్ ఇంపీరియం గేమ్స్ అనే ఆటల కంపెనీకీ మధ్య జరిగింది. ‘స్టార్ సిటిజన్’ ఆటకు క్లౌడ్ ఇంపీరియం 2012లో క్రైఇంజిన్ లైసెన్సు తీసుకుంది. 2016 డిసెంబరులో అమెజాన్ వారి లంబర్‌యార్డ్ ఇంజిన్‌కు మారామని ప్రకటించింది. 2017 డిసెంబరులో క్రైటెక్ కాలిఫోర్నియాలో దావా వేసింది. ఆరోపణల పట్టిక పొడుగైనది: మా ఇంజినే వాడాలన్న షరతు తప్పారు, మా లోగోలు తీసేశారు, ఒక ఆటకని తీసుకున్న లైసెన్సుతో ‘స్క్వాడ్రన్ 42’ అనే రెండో ఆట కూడా చేస్తున్నారు, లోపాల సవరణలు మాకు పంపలేదు, మా కోడును బయటివారికి చూపించారు. మా ఇంజినే వాడాలన్న ఆరోపణ మొదటి దశలోనే వీగిపోయింది. మిగతావి సాగాయి. 2020లో రాజీ కుదిరేవరకు రెండేళ్ళకు పైగా ఇరుపక్షాల డబ్బూ న్యాయవాదులకు పోయింది.

‘ఇంజిన్ మారారు’ అన్న ఆరోపణ నిలవలేదు, మిగతావి నిలిచాయి. కింది మెట్లన్నీ ఆ ‘మిగతావాటి’ గురించే.

కావలసినవి

- పాత ఇంజిన్ ఒప్పందం, మీరు వాడిన వెర్షన్‌కు వర్తించేది. దాని పీడీఎఫ్, సేవ్ చేసిన తేదీ
- కొత్త ఇంజిన్ ఒప్పందం, అలాగే
- అసెట్లు (ఆటలో పెట్టే బొమ్మలు, శబ్దాలు వంటివి), ప్లగిన్లు (ఇంజిన్‌కు అదనంగా తగిలించే కోడు), ఫాంట్లు, సంగీతం కొన్న రసీదులు. మెయిల్‌లో ‘ఇన్‌వాయిస్’ అని వెతికితే సగం దొరుకుతాయి
- బయటివారితో చేయించుకున్న పనుల ఒప్పందాలు. లేకపోతే కనీసం ఉత్తర ప్రత్యుత్తరాలు
- పాత ప్రాజెక్టు రిపోజిటరీ (కోడునూ, దానిలో జరిగిన ప్రతి మార్పునూ దాచే చోటు), పూర్తి చరిత్రతో
- ఒక స్ప్రెడ్‌షీటు
- తీరిక. చిన్న ఆటకైనా వారం కేటాయించండి. ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని ముగిద్దామనుకుంటే మాత్రం మొదలుపెట్టకండి

1. మీ ఒప్పందం ఏ తేదీదో తేల్చుకోండి

ఇంజిన్ కంపెనీలు ఒప్పందాలను మారుస్తూ ఉంటాయి. ఇవాళ వెబ్‌సైట్‌లో కనబడేది మీరు అంగీకరించినది కాకపోవచ్చు. యూనిటీ 2019లో, ఫలానా వెర్షన్ వాడేవారు ఆ వెర్షన్ నాటి షరతులతోనే కొనసాగవచ్చని మాట ఇచ్చింది. షరతుల మార్పులను అందరూ చూసుకునేలా బహిరంగంగా ఒకచోట పెట్టింది. ఆ చోటే మాయమైందని 2023 గొడవలో జనం గమనించారు. అప్పుడు గట్టిగా మాట్లాడగలిగినవాళ్ళు పాత ప్రతి దాచుకున్నవాళ్ళే. కాబట్టి పీడీఎఫ్ చేయండి, తేదీ వేయండి, మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి.

చదివేటప్పుడు అంతా ఒకేలా చదవనక్కర్లేదు. ఈ విషయాలు వెతికి గుర్తు పెట్టుకోండి: లైసెన్సు ఎన్ని ఆటలకు వర్తిస్తుంది, ఒప్పందం ముగిశాక కూడా మిగిలే బాధ్యతలు ఏమిటి, లెక్కలు తనిఖీ చేసే హక్కు వారికి ఉందా, సోర్సు కోడు గోప్యత, ఏ దేశం, ఏ రాష్ట్రం చట్టం వర్తిస్తుంది. అన్‌రియల్ ఒప్పందమైతే నార్త్ కరోలినా చట్టం. విజయవాడలో కూర్చుని అక్కడి కోర్టులో వాదించడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే మిగతా మెట్లు శ్రద్ధగా చేస్తారు.

హెచ్చరిక: ‘ప్రత్యేకంగా’, ‘మాత్రమే’ అనే అర్థం వచ్చే మాట ఎక్కడ కనబడినా అది హక్కు ఇస్తోందా, కట్టడి చేస్తోందా అని రెండుసార్లు చదవండి. క్రైటెక్ కేసులో ఒక క్రియావిశేషణం మీద పుటలకు పుటలు వాదన నడిచింది.

2. మారడానికి కారణం ఒక పేజీలో రాసి తేదీ వేయండి

అర్ధగంట పని. తర్వాత ఎవరైనా “మా కోడు కాజేసి వెళ్ళారు” అంటే, మీరు వెళ్ళిన కారణం ఆనాటి కాగితం మీద ఉంటుంది. మేము రాసుకున్నది ఒకే వాక్యం: పాత ఇంజిన్ అక్షరాల పరికరం తెలుగు ఒత్తులను కలపలేకపోతోంది. ‘స్త్రీ’ అని రాస్తే స, త, ర విడివిడిగా పడి, మధ్యలో పొల్లులు వేలాడేవి. గోడో 4లో అక్షరాలను కలిపి కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కనుక అదే మాట మొదటి ప్రయత్నంలోనే కుదురుగా వచ్చింది. కారణం ఇంత సూటిగా ఉండాలని లేదు. నిజమైతే చాలు.

ఈ కాగితంలో పాత కంపెనీని తిట్టకండి. ఏదో ఒక రోజు వాళ్ళ న్యాయవాది దాన్ని గట్టిగా చదివి వినిపిస్తాడన్న ఊహతో రాయండి.

3. సామాను జాబితా రాయండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇదే. పట్టాలి కూడా. ప్రాజెక్టులోని ప్రతి ఫోల్డరుకూ స్ప్రెడ్‌షీటులో ఒక వరుస. నిలువు గళ్ళు: పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చేశారు, ఏ లైసెన్సు, రసీదు ఎక్కడుంది, కొత్త ఇంజిన్‌లోకి వస్తుందా. తర్వాత అన్నిటినీ నాలుగు కుప్పలు చేయండి.

మనది. మీరు, మీ ఉద్యోగులు చేసినది. కథ, మాటలు, నియమాలు, స్థాయిల రూపకల్పన, మీరే రాసిన కోడు. ఇవి వస్తాయి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది, నాలుగో మెట్టులో చెబుతాను.

కొన్నది. యూనిటీ అసెట్ స్టోర్‌లో కొన్న చాలా బొమ్మలను, శబ్దాలను ఇతర ఇంజిన్లలోనూ వాడుకోవచ్చు. అయితే పరిమితి ఉందని గుర్తు పెట్టినవీ, యూనిటీ కంపెనీయే పెట్టినవీ వేరు. వాటి పేజీలో షరతు విడిగా చూడాలి. ఎపిక్ వారి అసెట్ల దుకాణం ఫ్యాబ్‌లో కొన్ని అసెట్లకు ‘అన్‌రియల్‌లో మాత్రమే’ అనే షరతు ఉంటుంది. ఉచితంగా వచ్చింది కదా అని దాన్ని తీసుకుని గోడోలో పెడితే అది ఉల్లంఘనే. ఉచితం అంటే ధర గురించి చెప్పిన మాట. ఎక్కడ వాడవచ్చన్నది వేరే మాట.

ఇంజిన్ వారిది. ఇక్కడే ఎక్కువమంది కాలు జారుతారు. యూనిటీలో ప్యాకేజీలుగా వచ్చే చాలా భాగాలు, ఉదాహరణకు టెక్స్ట్‌మెష్ ప్రో (అక్షరాలు చూపేది), సినిమషీన్ (కెమెరా నడిపేది), యూఆర్‌పీ (దృశ్యాన్ని గీసేది), కంపానియన్ లైసెన్సు కింద ఉంటాయి. వాటి సోర్సు మీ కంప్యూటర్‌లోనే తెరిచి చదువుకోవచ్చు. కానీ వాడాల్సింది యూనిటీతోనే. యూఆర్‌పీ షేడర్ (తెర మీద వెలుతురు, రంగులు లెక్కగట్టే చిన్న కోడు) ఒకటి తెరిచి, వరుస వరుసగా గోడో భాషలోకి తిరగరాసి “నేను రాసినదే” అనడం కుదరదు. తమాషా ఏమిటంటే, అదే యూనిటీ తన పాత అంతర్నిర్మిత షేడర్ల సోర్సును, ఎక్కడైనా వాడుకోనిచ్చే ఎమ్ఐటీ లైసెన్సు కింద ఇస్తుంది. దాన్ని, లైసెన్సు పాఠం జతచేసి, వాడుకోవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్ళకు రెండు చట్టాలు. అందుకే ఫైలు పైభాగంలో ఏముందో చదవమంటున్నాను.

తెలియనిది. ఎవరు ఎప్పుడు పెట్టారో గుర్తులేనిది. ఈ కుప్పలోది ఏదీ కొత్త ఇంజిన్‌లోకి రాకూడదు. మా జాబితాలో ఇలాంటివి పదకొండు వచ్చాయి. అందులో ఒకటి మూడు క్షణాల గంట మోత, ఆట మొదటి తెర మీద మోగేది. ఆ ఫైలు పేరు ‘ఫైనల్ రెండు కొత్తది’. ఎక్కడిదో నలుగురం కూర్చుని ఆలోచించినా తేలలేదు. చివరికి మా ఊళ్ళో గుడి గంట ఫోనులో రికార్డు చేసుకుని పెట్టాం. నిజం చెప్పాలంటే పాతదానికన్నా అదే బాగుంది.

ఫాంట్ల సంగతి: తెలుగు ఆటలకు ఇది తరచూ మరిచిపోయే వరుస. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి. ఏ ఇంజిన్‌లోకైనా నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు, లైసెన్సు ఫైలు వెంట ఉంచండి. డీటీపీ కోసం ఎప్పుడో కొన్న ఫాంటుకు ఆటలో పొదిగే హక్కు ఉందో లేదో రసీదులో చూడాలి.

4. మనది అనుకున్నది మనదేనా?

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి ఉద్యోగ ధర్మంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమాని. డబ్బులిచ్చి బయటివారితో రాయించుకున్న కోడుకు, కట్టించుకున్న సంగీతానికి అలా కాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు చేసినవారిదే. చిత్రాలకు, ఛాయాచిత్రాలకు చట్టంలో కొంత వేరే నియమం ఉంది. దాన్ని నమ్ముకోకుండా వాటికీ కాగితం రాయించుకోండి.

ఇంజిన్ మార్పుతో దీనికేం సంబంధం అంటారా? 19వ సెక్షన్ చదవండి. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్ళకే పరిమితం. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. మరో మాట రాసుకోకపోతే, బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకుంటే అది రద్దవుతుంది. ఇంజిన్ మారితే ఆట విడుదల ఏడాది, రెండేళ్ళు వెనక్కి పోవడం మామూలే. అమ్మేది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో, అంటే ప్రపంచమంతటా. రెండు పేరాల పత్రంలో రాయని మూడు మాటలు మీ ఆటను ఆపగలవు.

చేయాల్సింది: ప్రతి బయటి వ్యక్తికీ ఒక అనుబంధ పత్రం పంపండి. అందులో పని పేరు, పూర్తి కాపీరైట్ కాలం, ప్రపంచవ్యాప్తంగా, ఏ ఇంజిన్‌లోనైనా, ఏ వేదిక మీదైనా, ఏడాదిలోగా వాడకపోయినా హక్కు పోదు, ఇచ్చిన మొత్తం ఇంత అని రాసి సంతకాలు చేయించండి. ‘ఏ ఇంజిన్‌లోనైనా’ అన్నది వదలకండి. మా సంగీత దర్శకుడికి ఈ పత్రం పంపితే ఆయన నవ్వి, “బాబూ, నీకు పాట ఇచ్చాను కానీ ఇంజిన్ ఏదో నాకెందుకు?” అన్నారు. సంతకం మాత్రం పెట్టారు. మరొకరు ఇంకొంత డబ్బు అడిగారు. ఇచ్చాం. విడుదలయ్యాక అడిగితే ఆ మొత్తం ఇంకెక్కడికో పోయేది.

ప్రత్యామ్నాయం: మనిషి దొరకకపోతే, ఒప్పుకోకపోతే ఆ భాగాన్ని తీసేసి కొత్తగా చేయించండి.

5. కొత్త ఇంటి షరతులు చదవండి

గోడో ఎమ్ఐటీ లైసెన్సు కింద వస్తుంది. రాయల్టీ లేదు. లైసెన్సు పాఠం మాత్రం ఆటలో ఎక్కడో చూపించాలి. దానితోపాటు గోడోలో కలిసి ఉన్న, ఇతరులు రాసిన కోడు లైబ్రరీలవి కూడా. ఆ పాఠాలన్నీ ఇంజినే అందిస్తుంది, ఒక తెర చేసి చూపిస్తే సరిపోతుంది. కన్సోళ్ళకు (ప్లేస్టేషన్ వంటి ఆట యంత్రాలకు) ఆటను మార్చి ఇవ్వాలంటే మాత్రం వేరే కంపెనీల సాయం కావాలి. అది మరో ఒప్పందం.

అన్‌రియల్‌లో ఒక్కో ఆట మీద మొదటి 10 లక్షల డాలర్ల స్థూల ఆదాయం దాటాక మామూలుగా 5 శాతం రాయల్టీ. జీపీఎల్ వంటి, కలిపిన కోడును కూడా బహిరంగం చేయమనే లైసెన్సుల కింద ఉన్న కోడును అన్‌రియల్ కోడుతో కలపకూడదు. ఓపెన్ సోర్సు ప్లగిన్లకు అలవాటుపడ్డవారు ఇటు మారేటప్పుడు దీనికే చిక్కుకుంటారు.

ఇంకొకటి. కొత్త ఇంజిన్ వంశం చూడండి. లంబర్‌యార్డ్ అంటే అమెజాన్ క్రైఇంజిన్ లైసెన్సు తీసుకుని దాని మీద కట్టినది. క్లౌడ్ ఇంపీరియం ఒక ఒప్పందం నుంచి దాని చుట్టం దగ్గరికి వెళ్ళింది. అలాంటప్పుడు ఫలానా ఫైలు ఏ లైసెన్సు కింద వచ్చిందో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. లంబర్‌యార్డ్ తర్వాత ఓ3డీఈ పేరుతో ఓపెన్ సోర్సు అయింది కాబట్టి ఇప్పుడు ఆ చిక్కు తగ్గింది.

6. పాతది మూసి తాళం వేయండి, కొత్తది ఖాళీగా మొదలుపెట్టండి

పాత రిపోజిటరీలోనే కొత్త శాఖ తీయకండి. చరిత్రలో పాత ఇంజిన్ ఫైళ్ళన్నీ ఉంటాయి, కొత్త కోడు వాటి మీదే పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త ఖాళీ రిపోజిటరీ తెరిచి, మూడో మెట్టులో ‘వస్తుంది’ అని రాసుకున్నవాటిని ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. ప్రతి కమిట్ (రిపోజిటరీలో నమోదు చేసే ఒక్కో మార్పు) సందేశంలో స్ప్రెడ్‌షీటు వరుస సంఖ్య రాయండి.

పాతదాన్ని మాత్రం చెరపకండి. ఏరు దాటి తెప్ప తగలేసే పని ఇక్కడ అస్సలు వద్దు. మీ కోడు మీరే రాశారని రుజువు చేయగలిగేది ఆ చరిత్రే. ఇద్దరి దగ్గర రెండు ప్రతులు, చదవడానికి మాత్రమే. ఒప్పందం ముగిశాక ఇంజిన్ ప్రతులను తొలగించాలని షరతు ఉంటే ఇంజిన్ ఫైళ్ళను తొలగించి, మీ కోడు చరిత్ర ఉంచుకోండి. నోటీసు వచ్చాక మాత్రం దేన్నీ తీయవద్దు. ఆ స్థితి చివర చెబుతాను.

7. కోడు మోయకండి, మళ్ళీ రాయండి

మీ ఆట తర్కం మీది. శత్రువు ఎప్పుడు వెంటపడాలి, నాణెం ఎంత విలువ, మంత్రం ఎంతసేపు పనిచేయాలి: ఇవి ఎక్కడికైనా వస్తాయి. అడుగున ఇంజిన్ చేసే పనులను, అంటే భౌతిక లెక్కలు, వెలుతురు, కదలికల కలయిక, పాత సోర్సు చూస్తూ అనుకరించకూడదు.

చిన్న బృందానికి సాధ్యమయ్యే పద్ధతి: ఒకరు పాత ఆట ఆడుతూ ప్రవర్తనను మామూలు తెలుగులో రాయాలి. “దూకాక పైకి వెళ్ళేటప్పుడు మెల్లగా, దిగేటప్పుడు వేగంగా. అంచు దాటాక కూడా రెప్పపాటు సేపు దూకనివ్వాలి.” రెండో వ్యక్తి ఆ కాగితం మాత్రమే చూసి కొత్త కోడు రాయాలి. రెండో వ్యక్తి పాత ఇంజిన్ సోర్సు ఎన్నడూ చూడనివారైతే మరీ మంచిది. ఒంటరిగా పనిచేసేవారైతే పాత ఫైళ్ళు వేరే కంప్యూటర్‌లో పెట్టండి. పక్క కిటికీలో తెరిచి ఉంచుకుని రాస్తే చెయ్యి ఆగదు.

కృత్రిమ మేధ సహాయకులకు పాత ఇంజిన్ సోర్సు ఇచ్చి “దీన్ని కొత్త భాషలోకి మార్చు” అనకండి. తప్పులు రెండు. ఒకటి, వచ్చేది అనుకరణే. రెండు, లైసెన్సుదారులు కానివారికి సోర్సు చూపించకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అన్‌రియల్ అయితే బహిరంగ చర్చలో 30 పంక్తులకు మించి ఇంజిన్ కోడు పెట్టనివ్వదు. క్రైటెక్ ఆరోపణల్లో కూడా, అభివృద్ధి గురించి చేసిన వీడియోల్లో సోర్సు తెర మీద కనిపించిందన్నది ఒకటి. వీడియో పాఠాలు పెట్టేవాళ్ళు పాతవి ఒకసారి వెనక్కి తిప్పి చూడండి.

8. గుర్తులు, లోగోలు

రెండు వైపులా తప్పు చేయవచ్చు. పాత లోగో తీయకుండా వదిలేయడం ఒకటి, ఇంకా పాత ఇంజిన్‌తో నడుస్తున్న బిల్డ్ (ఆడేందుకు సిద్ధం చేసిన ఆట ప్రతి) నుంచి ముందే తీసేయడం రెండోది. ఒక బిల్డ్‌లో ఏ ఇంజిన్ ఉందో ఆ బిల్డ్‌లో దాని గుర్తే ఉండాలి. దుకాణం పేజీ, ట్రైలర్, ప్రచార చిత్రాలు, క్రెడిట్స్ తెర: నాలుగు చోట్లా చూడండి. ట్రైలర్ మొదట్లో రెండు క్షణాలు మెరిసే లోగోను అందరూ మరిచిపోతారు.

9. బాకీ తీర్చి, రాతపూర్వకంగా ముగించండి

ఇప్పటికే విడుదలైన ఆట పాత ఒప్పందం కిందే ఉంటుంది. దానికి రాయల్టీ ఉంటే కట్టుతూనే ఉండాలి. దానికి అప్‌డేట్లు విడుదల చేస్తారంటే లైసెన్సు కూడా ఉండాలి. కొత్త ఆట మారింది కదా అని సీట్లన్నీ (మనిషికొకటి చొప్పున తీసుకున్న లైసెన్సులు) రద్దు చేసి, నెల తిరక్కుండా పాత ఆటకు లోపం సవరించి పంపేవాళ్ళున్నారు. ఆ సవరణ ఏ లైసెన్సుతో చేసినట్టు?

యూనిటీలో ఇంకో పాత అలవాటు ఉంది: బృందంలో ఒకరిద్దరు మాత్రం డబ్బు కట్టే ప్రో వెర్షన్ తీసుకుని, మిగిలినవారు ఉచిత వెర్షన్‌తో అదే ప్రాజెక్టు మీద పనిచేయడం. అలా కలపకూడదు. వెళ్ళిపోయేలోగా సరిచేసుకోండి. నెలనెలా కట్టే ఏడాది పథకమైతే మధ్యలో ఆపలేకపోవచ్చు, పథకం షరతు చూడండి.

తర్వాతే ప్రకటన. “మేము ఫలానా తేదీ నుంచి ఫలానా ఆటను ఫలానా ఇంజిన్‌లో తయారుచేస్తున్నాం” అని చాలు. “పాతదంతా రెండు రోజుల్లో తెచ్చి పెట్టేశాం” వంటి గొప్పలు వద్దు. క్లౌడ్ ఇంపీరియం 2016లో చేసిన ప్రకటన తర్వాత దావా పత్రంలోకి ఎక్కింది.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

కొత్త రిపోజిటరీ మొత్తంలో పాత ఇంజిన్ పేరు, కంపెనీ పేరు, ‘కాపీరైట్’ అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో వెతకండి. అన్‌రియల్ సోర్సు ఫైళ్ళ మొదటి పంక్తిలో ఎపిక్ కాపీరైట్ వాక్యం ఉంటుంది, దొరికితే వెంటనే తెలుస్తుంది. కానీ మొదటి పంక్తి చెరిపేసిన ఫైలు ఈ వెతుకులాటకు దొరకదు. అందుకు రెండో పరీక్ష: మీ పాత ప్రాజెక్టులోని ఇంజిన్, ప్లగిన్ ఫైళ్ళ హ్యాష్‌లు (ఫైలు లోపలున్నదాన్ని బట్టి వచ్చే, వేలిముద్ర లాంటి సంకేతాలు) తీసి కొత్తవాటితో పోల్చండి. ఒకే హ్యాష్ వచ్చిందంటే ఫైలు యథాతథంగా వచ్చినట్టే.

మూడోది కంటితో చేసేది. కొత్త కోడులోని వ్యాఖ్యలు మాత్రమే బయటికి తీసి ఒక ఫైలుగా చదవండి. మీ బృందం మాటతీరు మీకు తెలుసు. మాది చేస్తుంటే ఒకచోట “ఇక్కడ ఎందుకు రెండుతో గుణిస్తున్నామో ఎవరికీ తెలియదు, ముట్టుకోవద్దు” అని చక్కటి ఇంగ్లీషులో కనిపించింది. మాలో ఎవరూ అలా రాయరు. తవ్వితే అది ఒక ఉచిత ప్లగిన్ నుంచి వచ్చిన ఫంక్షన్, లైసెన్సు పాఠం లేకుండా. రచయిత పేరు, ఎమ్ఐటీ పాఠం చేర్చి సరిచేశాం. ఈ పరీక్ష చేయనట్టయితే అది అలాగే విడుదలయ్యేది.

చివరగా, పాత ఇంజిన్ లేని కొత్త కంప్యూటర్‌లో ప్రాజెక్టు తెరిచి బిల్డ్ చేయండి. ఏదైనా ఫైలు దొరకడం లేదని ఆగిపోతే, అది ఎక్కడి నుంచి రావాలనుకుంటోందో చూడండి.

నోటీసు వచ్చేసిందా?

కోపంలో ఆ రోజే జవాబివ్వకండి, అలాగని పక్కన పడేయకండి. గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి. మొదటి పని: ఏ ఫైలూ చెరపవద్దని, ఏ కమిట్ చరిత్రా దిద్దవద్దని బృందం అందరికీ రాతపూర్వకంగా చెప్పండి. చాట్ సందేశాలు కూడా ఇందులోకే వస్తాయి. తర్వాత నోటీసులో వారు పేర్కొన్న ప్రతి అంశానికీ ఎదురుగా స్ప్రెడ్‌షీటులోని వరుస, రసీదు, తేదీ ఉన్న కాగితం పెట్టి న్యాయవాదికి ఇవ్వండి. నిజంగా ఒక అసెట్ పొరపాటున వచ్చి ఉంటే ఆయనతో మాట్లాడి దాన్ని విడుదలైన బిల్డ్ నుంచి తీయండి, పాత బిల్డ్ ప్రతిని మాత్రం భద్రపరచండి.

కొన్ని నోటీసులు లెక్కల తేడా వల్ల వస్తాయి: ఆదాయం హద్దు దాటిందని, సీట్లు చాలవని. వాటికి చాలాసార్లు బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగుల జాబితా, ఏ తేదీ వరకు పాత ఇంజిన్ వాడారో చూపించే చివరి కమిట్ సరిపోతాయి. ఆ చివరి కమిట్ తేదీ ఇప్పుడే ఒకచోట రాసి పెట్టుకోండి.